దూరం నుంచి నడిపే రోబోల్లో స్పర్శ నాణ్యతను కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు ల్యాబుల్లో, కాలేజీ ప్రాజెక్టుల్లో రోబో చేతులను దూరం నుంచి నడిపే పని చేస్తున్న తెలుగువాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. రోబోను కదిలించడం అంత కష్టం కాదు. అది తాకినదాన్ని ఆపరేటరు చేతికి ఎంత నిజంగా అందించిందో అంకెల్లో చెప్పమన్నప్పుడే చిక్కు మొదలవుతుంది.

స్పర్శ నాణ్యత అంటే అసలు దేన్ని కొలవాలి?

దోర మామిడికాయను బొటనవేలితో నొక్కి చూడండి. రెండు సంగతులు ఒకేసారి తెలుస్తాయి. ఎంత బలానికి కాయ ఎంత లోపలికి దిగిందో కండరాలు, కీళ్లు చెబుతాయి. తొక్క నునుపో గరుకో వేలి కొసన చర్మం చెబుతుంది. మొదటిదాన్ని కైనెస్థెటిక్ అనీ, రెండోదాన్ని టాక్టైల్ అనీ అంటారు. మనిషి చేతిని కావాలని ఆడించగలిగే వేగం సెకనుకు 5 నుంచి 10 సార్లు. అదే చర్మం దాదాపు 1000 హెర్ట్జ్ దాకా కంపనాలను పట్టుకుంటుంది, 250 హెర్ట్జ్ చుట్టుపక్కల మరీ బాగా. ఇక్కడి జవాబులు ఎక్కువగా మొదటి రకం గురించే. కానీ సిస్టమ్‌లో పుట్టే రొద రెండో దారిన చేతికి చేరుతుంది కాబట్టి దాన్నీ వదలలేం.

పోల్చాల్సిన జతలు రెండు. ఒకటి, ఆపరేటరు చేతి స్థానం, రోబో కొస స్థానం. రెండు, రోబో కొసకు తగిలిన బలం, ఆపరేటరు చేతికి అందిన బలం. చాలా రిపోర్టుల్లో రెండో జతే కనిపిస్తుంది. స్థానం ఆలస్యంగా చేరితే బలం కూడా ఆలస్యంగానే పుడుతుంది కాబట్టి మొదటి జత లేకుండా కారణం ఏ వైపు ఉందో తేలదు.

వాడినవాళ్లను 5కి ఎన్ని మార్కులని అడిగితే సరిపోదా?

అడగాలి, కానీ దాంతో ఆగకూడదు. చేయి చాలా తొందరగా అలవాటు పడుతుంది. ఉదయం ఇబ్బంది పెట్టిన ఆలస్యం మధ్యాహ్నానికి మామూలైపోతుంది. గంట పని చేశాక అలసట మార్కుల్లో కనిపిస్తుంది. పైగా వచ్చిన 3 మార్కులు నెట్‌వర్క్ వల్లా, మోటారు రాపిడి వల్లా, కంట్రోలరు వల్లా అన్నది ఆ అంకె చెప్పదు. సరిచేయాల్సింది ఎక్కడో తెలియాలంటే పరికరంతో తీసిన కొలత కావాలి.

ఆర్ఎమ్ఎస్ దోషం లెక్కేస్తున్నాం. అందులో తప్పేముంది?

ఆర్ఎమ్ఎస్ అంటే ప్రతి క్షణపు తేడాను వర్గం చేసి, సగటు తీసి, దానికి వర్గమూలం తీసిన అంకె. ఒకే ఆర్ఎమ్ఎస్ అంకె వెనక పూర్తిగా వేరైన రెండు అనుభవాలు దాక్కోగలవు. కాగితం మీద లెక్క వేసి చూడండి.

రోబోకు తగిలిన బలం 1 న్యూటన్ ఎత్తు, 5 హెర్ట్జ్ సైన్ తరంగం అనుకోండి. అది ఏ మార్పూ లేకుండా, 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా మాత్రమే చేతికి చేరింది. 10 మిల్లీసెకన్లంటే ఇక్కడ 0.314 రేడియన్ల దశ తేడా. రెండు తరంగాలను తీసివేస్తే మిగిలేది 0.313 న్యూటన్ ఎత్తున్న తరంగం. దాని ఆర్ఎమ్ఎస్ 0.22 న్యూటన్. ఇప్పుడు రెండో సందర్భం: ఆలస్యం సున్నా, కానీ చేతికి వచ్చే బలం మీద 0.31 న్యూటన్ ఎత్తు, 250 హెర్ట్జ్ రొద ఎక్కింది. దీని ఆర్ఎమ్ఎస్ కూడా 0.22 న్యూటనే.

మొదటిదాంట్లో తరంగం ఆకారం, ఎత్తు చెక్కుచెదరలేదు. మెత్తటి వస్తువును నెమ్మదిగా నొక్కుతున్నవారు అందులో తప్పుందని పసిగట్టడం కష్టం. రెండోదాంట్లో పట్టుకున్న పిడి జుమ్మంటుంది, పట్టుకోగానే వదిలేయాలనిపిస్తుంది. అంకె మాత్రం రెండింటికీ ఒకటే మార్కు వేసింది. ఎస్ఎన్ఆర్, పీఎస్ఎన్ఆర్ వంటి సంకేతం-రొద నిష్పత్తులన్నీ ఈ తీసివేత మీదే కట్టినవి కాబట్టి వాటికీ ఇదే జబ్బు. అందుకే మా మాట ఒకటే: కాలంలో జరిగిన తప్పును, విలువలో జరిగిన తప్పును వేరు చేయకుండా ఏ అంకెనూ నమ్మకండి.

ఆ రెండింటినీ ఎలా విడదీయాలి?

డైనమిక్ టైమ్ వార్పింగ్ దీనికి పనికొస్తుంది. పంపిన సంకేతంలో ప్రతి నమూనాకు, అందిన సంకేతంలో దానికి జోడీ ఏదో వెతికి, మొత్తం ఖర్చు తక్కువయ్యేలా రెండింటినీ ఒకదానికొకటి అతికిస్తుంది. జోడీల మధ్య కాలంలో ఉన్న దూరాల సగటు మీ కాల దోషం. అతికించాక కూడా మిగిలిన బలం తేడా మీ విలువ దోషం. పైన చెప్పిన మొదటి ఉదాహరణలో కాల దోషం 10 మిల్లీసెకన్ల దగ్గర, విలువ దోషం సున్నాకు దగ్గర వస్తాయి. రెండోదాంట్లో ఇది తిరగబడాలి.

"తిరగబడాలి" అనడానికి కారణం ఉంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వాడితే తిరగబడదు. సాదా వార్పింగ్‌కు సాగదీసే స్వేచ్ఛ మరీ ఎక్కువ. రొదలోని ఒక్కో శిఖరాన్ని ఎక్కడో ఒకచోట సరిపోయే నమూనాకు అతికించేసి, విలువ తప్పును కాలం తప్పుగా చూపిస్తుంది. కాబట్టి నాలుగు జాగ్రత్తలు తప్పవు.

సాగదీసే ప్రతి అడుగుకూ జరిమానా పెట్టండి. ఒక మిల్లీసెకను జరపడానికి ఎంత బలం తేడా సమానమో నిర్ణయించేది ఈ జరిమానాయే కనుక, అందులో మీ తీర్పు ఉంటుంది. ఎంచుకున్న విలువను రిపోర్టులో రాయండి, దాన్ని సగం చేసి, రెట్టింపు చేసి ఫలితం ఎంత మారిందో కూడా చూపించండి.

కిటికీ పెట్టండి, అంటే జోడీ వెతికే దూరానికి హద్దు పెట్టండి. 10 సెకన్ల రికార్డింగ్‌లో 1000 హెర్ట్జ్ చొప్పున 10,000 నమూనాలు, పూర్తి పట్టికలో 10 కోట్ల గళ్లు. అటూ ఇటూ 50 నమూనాలకు పరిమితం చేస్తే దాదాపు 10 లక్షలు. లెక్క వేగం పెరగడంతో పాటు అర్థం లేని జోడీలు కూడా పోతాయి.

అందిన సంకేతం పంపినదానికంటే ముందు రాదు. కాబట్టి కిటికీని ఒక వైపుకే తెరవండి. అవతలి చివర ముందే ఊహించి బలం చూపే ప్రిడిక్టర్ ఉంటే మాత్రం రెండు వైపులా తెరవాలి.

నాలుగోది చాలామంది మర్చిపోయేది. బలం నిలకడగా ఉన్నచోట ఏ నమూనాను దేనికి అతికించినా ఖర్చు ఒకటే, అక్కడ కాల దోషానికి అర్థమే లేదు. వాలు సరిపడా ఉన్న భాగాల్లో మాత్రమే కాల దోషాన్ని సగటులో కలపండి.

చేతికి తెలిసేంత తేడా అంటే ఎంత?

బలం విషయంలో సుమారు 7 నుంచి 10 శాతం. 1 న్యూటన్ మోస్తున్న చేతికి 0.1 న్యూటన్ మార్పు తెలిసీ తెలియనట్టు ఉంటుంది. 5 న్యూటన్ల దగ్గర అదే అనుభూతికి దాదాపు 0.5 కావాలి. వెబర్ సూత్రం ఇదే. గట్టిదనం విషయంలో చేయి ఇంకా మొద్దు, 20 శాతం పైగా మారితేగానీ పట్టుకోదు.

ఈ సూత్రం మీదే డెడ్‌బ్యాండ్ పద్ధతి నడుస్తుంది. చివరిసారి పంపిన విలువ నుంచి 10 శాతం మారేదాకా కొత్త ప్యాకెట్ పంపరు. ఒక లోపం గమనించండి: బలం 0.05 న్యూటన్ ఉన్నప్పుడు 10 శాతం అంటే 0.005 న్యూటన్. అది సెన్సర్ రొదలోనే కలిసిపోతుంది, ప్యాకెట్లు ఆగకుండా వెళ్తూనే ఉంటాయి. వెబర్ సూత్రం చిన్న బలాల దగ్గర వర్తించదు కాబట్టి శాతంతో పాటు ఒక కనీస హద్దు కూడా పెట్టాలి. విలువ దోషాన్ని రాసేటప్పుడూ ఇదే మర్యాద: న్యూటన్లలో రాయండి, పక్కనే ఆ క్షణపు బలంలో ఎంత శాతమో రాయండి.

కొలతకు ఏం సామాను కావాలి?

ఆపరేటరు వైపు టచ్ పరికరం (పాత పేరు ఫాంటమ్ ఆమ్నీ) చాలా కాలేజీల్లో దొరుకుతుంది. గరిష్ఠ బలం 3.3 న్యూటన్లు, స్థాన స్పష్టత 0.055 మిల్లీమీటర్లు, వెనక్కి తోస్తే తగిలే రాపిడి 0.26 న్యూటన్. ఈ మూడో అంకెను గోడ మీద రాసి పెట్టుకోండి. కంప్యూటరు ఆజ్ఞాపించిన బలం, చేతికి అందిన బలం ఒకటి కాదు. 0.2 న్యూటన్ చూపమని ఆజ్ఞ ఇస్తే రాపిడే దాన్ని మింగేయగలదు. 5 న్యూటన్లు అడిగితే 3.3 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి పిడి దగ్గర కూడా ఒక ఫోర్స్ సెన్సర్ ఉండాలి. 17 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న నానో17 వంటిది పిడిలో ఇముడుతుంది. దాని చిన్న రేంజి మోడల్ స్పష్టత ఒక న్యూటన్‌లో 320వ వంతు.

రోబో వైపు ఇంకో సెన్సర్, తాకడానికి గట్టిదనం తెలిసిన వస్తువులు. స్ప్రింగులు బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యలో చేయించుకోవచ్చు, కనెక్టర్లు, వైర్లు ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. చెన్నైలో ఉన్నవాళ్లకు రిచీ స్ట్రీట్. అంకెల కోసం స్ప్రింగే మేలు. సిలికాన్ ముక్క శరీర కణజాలానికి దగ్గరగా ఉంటుంది, కానీ నొక్కి పట్టుకుంటే నెమ్మదిగా లొంగిపోతుంది, అదే ముక్క మరుసటి కొలతలో మరో విలువ ఇవ్వవచ్చు. స్పాంజి అసలు వద్దు.

క్యాలిబ్రేషన్ ఎలా చేయాలి?

సెన్సర్‌కు కరెంటు ఇచ్చి అరగంట వదిలేయండి. దాని లోపల బలాన్ని పట్టే స్ట్రెయిన్ గేజులు వేడెక్కేదాకా సున్నా జరుగుతూ ఉంటుంది. తర్వాత 20, 50, 100, 200 గ్రాముల తూకపు రాళ్లను ఒక్కొక్కటిగా ఎక్కించండి, తిరుగు వరసలో దించండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అంకెలు వేరైతే బిగింపు చూడండి, ఎక్కువసార్లు తప్పు సెన్సర్‌ది కాదు, దాని కింది స్క్రూది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గురుత్వ త్వరణం 9.78. అంటే 100 గ్రాముల రాయి 0.978 న్యూటన్. 9.81 వాడితే 0.3 శాతం తప్పు. మనిషి చేతికి అది తెలియకపోయినా, ఊరికే మోయాల్సిన తప్పు కాదు.

స్ప్రింగుకూ ఇదే రాయి. 100 గ్రాములకు 2 మిల్లీమీటర్లు సాగితే గట్టిదనం మీటరుకు 489 న్యూటన్లు.

రీడింగులో 50 హెర్ట్జ్ అల కనిపిస్తే ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి చూడండి. అల మాయమైతే గ్రౌండ్ లూపే.

రెండు వైపులా టైమ్‌స్టాంపులు వేస్తున్నాం. అది చాలదా?

రెండు గడియారాలు ఒకే మాట మీద ఉంటేనే చాలుతుంది. మామూలు క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షలకు 20 వంతులు తప్పినా 50 సెకన్లలో ఒక మిల్లీసెకను తేడా వస్తుంది. ఐదు నిమిషాల ప్రయోగంలో 6 మిల్లీసెకన్లు. మీరు కొలవబోయే ఆలస్యమే అంత ఉండొచ్చు! ఇంటర్నెట్ మీద గడియారాలను కలిపే ఎన్టీపీ కొన్ని మిల్లీసెకన్లు తప్పడం మామూలే. ఒకే లాన్‌లో ఉంటే అంతకంటే ఖచ్చితంగా కలిపే పీటీపీ వాడండి. ఒకే గదిలో ఉంటే అంతకంటే సులువు, రెండు సెన్సర్లనూ ఒకే డేటా కార్డుకు కలపండి. ఏది చేసినా, ప్రయోగానికి ముందూ తర్వాతా ఒకే చదరపు పల్స్‌ను రెండు వైపులా ఎక్కించి, దాని అంచు రెండు రికార్డుల్లో ఎక్కడ పడిందో చూసుకోండి.

నెట్‌వర్క్ ఆలస్యాన్ని కృత్రిమంగా ఎలా పెట్టాలి?

లినక్స్‌లో ప్యాకెట్లకు కావాలని ఆలస్యం, నష్టం కలిపే నెట్ఎమ్ అనే సాధనం ఉంది. వీలైతే మూడో కంప్యూటర్‌ను మధ్యలో వంతెనలా పెట్టి దానిమీద నడపండి. నెట్ఎమ్ బయటికి వెళ్లే ప్యాకెట్లనే ఆపుతుంది. ఒక పోర్టు మీద 10 మిల్లీసెకన్లు పెడితే ఒక దిశలోనే 10, రెండు పోర్టుల మీదా పెడితే రాకపోకలకు 20.

ఎక్కువగా దెబ్బ తినేది జిట్టర్ (ఆలస్యంలోని హెచ్చుతగ్గులు) దగ్గర. 10 మిల్లీసెకన్ల ఆలస్యం మీద 2 మిల్లీసెకన్ల హెచ్చుతగ్గులు పెట్టారనుకోండి. మీ ప్యాకెట్లు మిల్లీసెకనుకు ఒకటి చొప్పున వస్తున్నాయి. వెనక బయల్దేరినది ముందు చేరుతుంది, వరస చెదురుతుంది. రిసీవరు వరస సంఖ్య చూడకుండా వాడేస్తే బలం వెనక్కీ ముందుకీ గెంతుతుంది. చూసి పాతవాటిని పారేస్తే, లాస్ సున్నా పెట్టినా ప్యాకెట్లు పోతున్నట్టు లెక్క వస్తుంది. వరస చెడకూడదంటే నెట్ఎమ్ లోపలి క్యూను వచ్చిన వరసలోనే పంపే సాదా పీఫిఫో క్యూతో మార్చండి.

ప్యాకెట్ లాస్‌లోనూ శాతం ఒక్కటే చెబితే సరిపోదు. సెకనుకు వెయ్యి ప్యాకెట్లలో 1 శాతం విడివిడిగా పోతే ఒక్కోసారి ఒక మిల్లీసెకను పాత విలువ నిలుస్తుంది, అంతే. అదే పది ప్యాకెట్లు వరసగా పోతే 10 మిల్లీసెకన్లు బలం గడ్డకడుతుంది. గుంపుగా పోయే నష్టాన్ని విడిగా పరీక్షించండి. టీసీపీ వాడొద్దు, పోయిన పాత విలువ కోసం కొత్త విలువలన్నీ ఆగిపోతాయి. పోయినదాన్ని మళ్లీ పంపని యూడీపీయే సరైనది.

5జీ ఉంటే బెంగళూరు నుంచి చెన్నై రోబోను 1 మిల్లీసెకనులో తాకొచ్చా?

లేదు. గాజు తీగలో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. రెండు ఊళ్ల మధ్య రోడ్డు దాదాపు 350 కిలోమీటర్లు. తీగ ఆ దారినే పడిందనుకున్నా వెళ్లడానికి 1.75, వెళ్లి రావడానికి 3.5 మిల్లీసెకన్లు కాంతికే పోతాయి, రూటర్లను లెక్కలో వేయకుండానే. 1 మిల్లీసెకను మాట ఒకే ఊళ్లో, ఒకే ప్రాంగణంలో ఉన్నవాటికి వర్తిస్తుంది.

గట్టి వస్తువు తాకగానే పిడి దడదడలాడుతోంది. ఇది నాణ్యత లోపమా?

ఇది అస్థిరత, ముందు దీన్ని ఆపాకే నాణ్యత కొలవాలి. సెన్సర్‌నూ, చేతినీ కాపాడుకోవడం ముఖ్యం, అత్యవసర స్విచ్ ఎడమ చేతికి అందేలా ఉంచండి.

కారణం ఈ లెక్కలో ఉంది. చూపగల గట్టిదనం సుమారుగా, వేగానికి ఎదురు నిలిచే పరికరపు సహజ గుణమైన డ్యాంపింగ్‌ను (సగం సాంప్లింగ్ వ్యవధి + ఆలస్యం)తో భాగించినంత. డ్యాంపింగ్ మీటరు/సెకనుకు 0.5 న్యూటన్, సాంప్లింగ్ 1 మిల్లీసెకను, ఆలస్యం సున్నా అయితే మీటరుకు 1000 న్యూటన్లు. రాకపోకల ఆలస్యం 5 మిల్లీసెకన్లు చేరగానే అది 91కి పడిపోతుంది. ఉక్కు పలకను తాకుతున్నారు, చేతికి మాత్రం మెత్తటి స్ప్రింగు కంటే గట్టిగా చూపలేని స్థితి. వేవ్ వేరియబుల్స్, టైమ్ డొమైన్ పాసివిటీ వంటి పద్ధతులు దడను ఆపుతాయి, కానీ బదులుగా గట్టిదనాన్ని మెత్తబరుస్తాయి. అవతలి వస్తువు ఇంపిడెన్స్ (కదలికకు అది ఎదురిచ్చే తీరు) ఉన్నదున్నట్టు చేతికి చేరడమే పారదర్శకత అని 1993లో డేల్ లారెన్స్ నిర్వచించి, దానికీ స్థిరత్వానికీ పొత్తు కుదరదని చూపించాడు. కల్పాక్కం అణు కేంద్రంలో రేడియోధార్మిక పదార్థాలతో పని చేసే మూసిన గదుల్లోని (హాట్ సెల్స్) మెకానికల్ మానిప్యులేటర్లకు ఈ బాధ లేదు, అక్కడ బలం లోహపు భాగాల మీదుగా నేరుగా చేతికి వస్తుంది.

కాబట్టి రిపోర్టులో స్టెబిలిటీ పద్ధతి పేరు, దాని సెట్టింగులు లేకుండా విలువ దోషం ఒక్కటే రాస్తే చదివేవాళ్లకు ఉపయోగం లేదు.

ప్రతిసారీ చేయి వేరుగా కదులుతుంది. పోల్చడం ఎలా?

ఒకసారి చేతి కదలికను రికార్డు చేసి, ఆపరేటరు బదులు దాన్నే మళ్లీ ఆడించవచ్చు. నెట్‌వర్క్ సెట్టింగులను పోల్చడానికి ఇది శుభ్రమైన దారి. అయితే నిజమైన చేయి అందిన బలానికి స్పందిస్తుంది, గోడ తగిలితే తగ్గుతుంది. రికార్డింగ్ తగ్గదు. ఆలస్యం ఎక్కువైనప్పుడు రికార్డింగ్ అదే వేగంతో రోబోను గోడలోకి దించుతుంది, బలాలు అసహజంగా పెరుగుతాయి. అందుకని పిడిని స్ప్రింగు, డ్యాంపరు ఉన్న మోటారు చేతికి కట్టి ఆడించడం మేలు. అది లేకపోతే రికార్డింగ్‌తో ఒక విడత, మనుషులతో ఒక విడత చేసి రెండు ఫలితాలనూ విడివిడిగా రాయండి, కలిపి సగటు తీయకండి.

మా అంకె మనుషుల చేతికి సరిపోలుతోందని ఎలా నిరూపించాలి?

ఒకసారి మచ్చలేని లింకు, ఒకసారి చెడగొట్టిన లింకు ఇచ్చి ఏది చెడ్డదో చెప్పమనండి. గుడ్డిగా చెప్పినా సగం సార్లు సరిపోతుంది కాబట్టి 75 శాతం సరిగ్గా చెప్పిన చోటును హద్దుగా తీసుకోండి. మెట్ల పద్ధతిలో, రెండు వరస జవాబులు సరిపోతే తేడా తగ్గించి ఒకటి తప్పితే పెంచుతూ పోతే 70.7 శాతం దగ్గర కుదురుకుంటుంది. పాల్గొనేవాళ్లకు హెడ్‌ఫోన్లలో తెల్లని రొద వినిపించండి, మోటారు కూతే జవాబు చెప్పేస్తుంది. రోబో కనపడకుండా తెర కట్టండి. తర్వాత మీ అంకెలకూ వాళ్ల జవాబులకూ రెండు వరసలు ఎంత కలిశాయో చెప్పే స్పియర్‌మన్ ర్యాంకు సంబంధం చూడండి. జరిమానా విలువను ఏ మనుషుల మీద సరిచేశారో వాళ్ల మీదే పరీక్షిస్తే అది నిరూపణ కాదు.

కాల దోషం, విలువ దోషం రెండూ తక్కువే వస్తున్నాయి. అయినా పిడిలో గరుకు తెలుస్తోంది. ఎందుకు?

ముందు కంట్రోలరు లెక్కలో వేగానికి ఎదురు బలం ఇచ్చే డ్యాంపింగ్ భాగాన్ని అనుమానించండి. 0.055 మిల్లీమీటర్ల స్పష్టతతో, మిల్లీసెకనుకు ఒకసారి స్థానాన్ని తీసివేసి వేగం లెక్కిస్తే, వేగంలో కనీస అడుగు సెకనుకు 55 మిల్లీమీటర్లు. మీటరు/సెకనుకు 2 న్యూటన్ల డ్యాంపింగ్ పెట్టారంటే చేతికి 0.11 న్యూటన్ గెంతులు తప్పవు. అవి ఆపరేటరు వైపు కంట్రోలరులోనే పుడతాయి, నెట్‌వర్క్ మీద పోలిక చేసే మీ రికార్డింగులోకి రావు. పిడి దగ్గరి సెన్సర్ రికార్డును తీసి, 100 హెర్ట్జ్ పైన ఎంత శక్తి ఉందో విడిగా చూడండి. వేగానికి 30 హెర్ట్జ్ దగ్గర ఫిల్టరు పెడితే గరుకు తగ్గుతుంది, కానీ ఆ ఫిల్టరు తెచ్చే 5 మిల్లీసెకన్ల పైచిలుకు ఆలస్యం స్థిరత్వపు హద్దును మళ్లీ కిందికి లాగుతుంది. ఫిల్టరు మార్చిన ప్రతిసారీ గట్టి స్ప్రింగు మీద దడ పరీక్ష మొదటి నుంచి చేయండి.